గెనిమ కన్నా ముందు సాలు: కళ్యాణదుర్గం దగ్గర ఒక ఎర్రచేను

ఈ కేసు అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లెలోనిది. అన్నదమ్ములిద్దరికి కలిపి ఎనిమిదెకరాల మెట్ట చేను. ఎర్ర గరుసు నేల. పైభాగంలో జానెడు తవ్వితే గరుసు తగులుతుంది, కింది భాగంలో మోకాటి లోతు దాకా మట్టి ఉంది. ఖరీఫ్‌లో వేరుశనగ వేస్తారు, మధ్యమధ్యలో కంది సాళ్ళు. బోరు లేదు, వానే ఆధారం. వాటర్‌షెడ్ పనుల మీద ఆ ఊళ్ళో తిరుగుతూ ఈ చేనును కొన్ని పంటకాలాలుగా దగ్గర నుంచి చూస్తున్నాను. ఇక్కడ జరిగిన పనులు, వాటి వెనక లెక్కలు, ఇంకా తేలనివి రాస్తున్నాను. ఇలాంటి నేలలున్న రైతులకూ, వాళ్ళతో పనిచేసేవాళ్ళకూ పనికొస్తాయి.

అనంతపురంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపు. అందులో సగానికి పైగా జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడుతుంది. వాన తక్కువన్నది అందరికీ తెలిసిందే. పంటను దెబ్బతీసేది వాన పడే తీరు కూడా. ఆగస్టులో వారాల తరబడి మబ్బు మొహం చూపించదు, తర్వాత ఒక్క సాయంత్రం యాభై అరవై మిల్లీమీటర్లు కుమ్మరించి పోతుంది. ఆ ఒక్క సాయంత్రపు నీళ్ళను చేను పట్టుకుందా, వంకకు వదిలేసిందా అన్న దాని మీదే పంట చాలావరకు ఆధారపడి ఉంటుంది.

మొదట పిలిచింది అన్న. ఆయన మాట ఇది: "పైన చల్లిన ఎరువంతా కింద గెనిమ కాడ పండుతాంది సార్."

నిజమే. కింది గెనిమ (చేను గట్టు) దగ్గర నాలుగైదు బారల వెడల్పున వేరుశనగ ఏపుగా, ముదురాకుపచ్చగా ఉంది. అక్కడ ఆకే తప్ప కాయ అంతగా లేదు. పైభాగంలో మొక్క పసుపుబారి జానెడు కూడా లేవలేదు. గెనిమ ఎత్తు పెంచి, మూలన ఫారం పాండ్ (చేనులో నీటి కుంట) తవ్విస్తే సరిపోతుందని ఆయన ఆలోచన. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైందే ఈ జిల్లాలో, నార్పల మండలం బండ్లపల్లిలో. అందుకే ఇక్కడ గెనిమ, కందకం, కుంట అంటే తెలియని రైతు లేడు. ఈ చేనుకూ అంతకు ముందే గెనిమ పోశారు. పోసిన చోటే మళ్ళీ తెగింది.

చేను పై నుంచి కిందికి నడిస్తే

వాన పడిన మర్నాడు పొద్దున చేను పై హద్దు నుంచి కిందికి నడవడం కన్నా మంచి పరీక్ష నాకు తెలియదు. ఆ నడకలో నేల తన సంగతి తానే చెబుతుంది.

పై పదిపదిహేను అడుగుల వరకు సాళ్ళు చెక్కుచెదరలేదు. ఆ తర్వాత సాలు మధ్యలో సన్నటి గీత మొదలైంది. ఇంకాస్త దిగితే వేలు దూరేంత గాడి, చేను నడుమకు వచ్చేసరికి అరచేయి పట్టేంత కోత. వంగి చూస్తే చిన్న చిన్న గులకరాళ్ళు ఒక్కోటి సన్నటి మట్టి దిమ్మె మీద నిలబడి ఉన్నాయి. రాయి కింద ఉన్న మట్టి నిలిచింది, చుట్టూ ఉన్నది పోయింది. ఆ దిమ్మె ఎత్తు ఎంతో, ఆ వానలకు పోయిన మట్టి మందం అంత. కొన్ని చోట్ల అది వేలి గోరు మందం దాటింది. గోరు మందం అనగానే తక్కువ అనిపిస్తుంది కానీ, ఎకరా మీద ఒక్క మిల్లీమీటరు మట్టి పోతే దాని బరువు సుమారు ఆరు టన్నులు.

నేల పైన పలచటి పెచ్చు కట్టింది. గోరుతో లేపితే బిళ్ళగా ఊడి వస్తుంది. దాని కింద అంగుళం లోతులోనే మట్టి పొడిగా ఉంది. ముందు రోజు అంత వాన పడ్డా లోపల తడి లేదు. ఎర్రనేలల జబ్బు ఇదే. వీటిలో సేంద్రియ పదార్థం తక్కువ, మట్టి రేణువులను పట్టి ఉంచే బంక లేదు. చినుకు గట్టిగా తగలగానే పై మట్టి చితికి, మెత్తటి రేణువులు రంధ్రాల్లో ఇరుక్కుని మూత పడిపోతాయి. ఆ తర్వాత పడే వాన ఇంకడానికి దారి లేక పారుతుంది. అందుకే "వాన బాగా పడింది" అన్నంత మాత్రాన "పదునైంది", అంటే లోపలి దాకా తడి అందింది అని చెప్పలేం.

గెనిమ ఎందుకు తెగుతోందో ఇప్పుడు అర్థమైంది. ఎనిమిదెకరాల మీద కురిసిన నీళ్ళలో పెద్ద భాగం వేగం పుంజుకుని ఒకేసారి వచ్చి ఆ మట్టి గోడకు కొట్టుకుంటున్నాయి. నీటి వేగం రెండింతలైతే దాని కోత బలం నాలుగింతలవుతుంది. గెనిమ దగ్గర నీళ్ళు ఆగినా, అవి అప్పటికే పైనున్న మట్టిని ఎత్తుకొచ్చేశాయి. గెనిమ నీళ్ళకు కొంత అడ్డం పడుతుందేమో కానీ, పైచేను సారానికి ఏ రక్షణా ఇవ్వదు. ఆ పని సాలు దగ్గరే జరగాలి. ఈ చేనులో మేము చేసిందంతా ఈ ఒక్క మాట చుట్టూనే.

సాళ్ళు వాలు వెంట ఎందుకు పడ్డాయి

సాళ్ళన్నీ పై నుంచి కిందికి, సరిగ్గా వాలు వెంట ఉన్నాయి. ప్రతి సాలూ ఒక చిన్న కాలువ అయింది. వాలుకు అడ్డంగా దున్నాలని రైతులకు తెలియదా? తెలుసు. వాళ్ళ నాయన కాలంలో ఎద్దులతో అడ్డంగానే దున్నేవారు, ఆ సంగతి అన్నే చెప్పాడు. మారింది భాగాల దగ్గర.

చేను మొత్తం వాలు వెంట 250 మీటర్ల పొడవు, 130 మీటర్ల వెడల్పు. భాగాలు పంచుకున్నప్పుడు పైచేను ఒకరికి, కిందిచేను ఒకరికి అని కోస్తే పైవాడికి అన్యాయం. అందుకని నిలువునా చీల్చారు. ఇద్దరికీ పై గరుసులో సగం, కింది మంచి మట్టిలో సగం, ఇద్దరికీ బాట దగ్గర. పెద్దమనుషుల పంచాయితీలో ఇంతకన్నా న్యాయమైన పంపకం లేదు. కానీ ఒక్కొక్కరి భాగం వెడల్పు ఇప్పుడు 65 మీటర్లే. గంటకింత అని బాడుగ తీసుకునే ట్రాక్టరు అడ్డంగా పోతే 65 మీటర్లకొకసారి తిరగాలి. నిలువుగా పోతే 250 మీటర్లకొకసారి. తిరిగిన ప్రతిసారీ డీజిలు, టైము. కాబట్టి డ్రైవరు నిలువుగానే తోలతాడు, రైతూ సరే అంటాడు. సీమలో చాలా చేలు ఇలా చీలికలై ఉన్నాయి. నేల తెలియక చేసిన పని కాదిది, పంపకమూ బాడుగా కలిసి చేయించిన పని. ఈ సంగతి పట్టించుకోకుండా "వాలుకు అడ్డంగా దున్నండి" అని గోడ మీద రాసి వెళ్ళిపోతే ఎవరూ దున్నరు.

దారి ఒక్కటే కనిపించింది. విత్తేటప్పుడు ఇద్దరి భాగాలూ ఒకే చేనుగా అనుకోవడం. అప్పుడు అడ్డం సాలు 130 మీటర్లు వస్తుంది, ట్రాక్టరుకూ గిట్టుబాటే. తమ్ముడికి అనుమానం వచ్చింది. "రేపు ఎవరి సాలు ఎంతవరకో తేలక మాటలొస్తాయన్నా" అన్నాడు. ఆ మాట తీసిపారేయదగ్గది కాదు, పల్లెల్లో అన్నదమ్ములు అడుగు నేల కోసం మాటలు మానుకున్న ఇళ్ళు ఎన్నో. దానికి ఉపాయం వదిన చెప్పింది. హద్దురాళ్ళు కదిలించొద్దు, రాయికీ రాయికీ మధ్య అక్కడక్కడా ఆముదం గింజలు నాటితే చెట్టు ఎత్తుగా లేచి పెరికే నాటికి గీత స్పష్టంగా కనిపిస్తుంది అంది. విత్తనాలు, ఎరువులు ఎవరివి వాళ్ళే తెచ్చుకున్నారు. గీతకు ఇటు పెరికింది ఒకరిది, అటు పెరికింది ఇంకొకరిది. సమస్య అక్కడితో తీరింది.

పారిపోయేది ఎంత, అందులో ఏముంది

విత్తనానికి ముందు ఇద్దరితో కూర్చుని ఒక లెక్క వేశాం. ఒక ఎకరాలో ఒక మిల్లీమీటరు వాన అంటే నాలుగు వేల లీటర్లు. 60 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 2.4 లక్షల లీటర్లు. అందులో మూడో వంతు పారిపోయిందనుకుంటే 80 వేల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పదహారు. ఒక్కో ఎకరా నుంచి, ఒక్క సాయంత్రం. ఊడలు దిగే వేళ, అంటే పూత తర్వాత కాయ కట్టే కాడలు నేలలోకి దిగేటప్పుడు, వేరుశనగకు రోజుకు నాలుగైదు మిల్లీమీటర్ల నీళ్ళు కావాలి. పోయిన ఆ ఇరవై మిల్లీమీటర్లతో పంట ఇంకో నాలుగైదు రోజులు నిలబడేది. ఆగస్టు బెట్టలో ఆ నాలుగైదు రోజుల విలువ ఏమిటో రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక మట్టితో పోయే సారం. ఈ నేలల్లో సేంద్రియ కర్బనం తరచుగా అర శాతం లోపే. 0.3 శాతం ఉన్న మట్టి తీసుకుంటే టన్నులో మూడు కిలోల కర్బనం, దాంతో పాటు 300 గ్రాముల దాకా నత్రజని ఉంటుంది. ఎకరాకు ఆరు టన్నులు పోతే రెండు కిలోలకు కాస్త తక్కువ నత్రజని. ఇంతేనా అనిపిస్తుంది. నిజానికి దీన్ని యూరియా బస్తాలతో కొలిస్తే నష్టం చిన్నదిగానే కనిపిస్తుంది. అసలు దెబ్బ వేరే చోట ఉంది. నీళ్ళు ముందు ఎత్తుకుపోయేది మెత్తటి ఒండ్రునూ, తేలికైన సేంద్రియ పదార్థాన్నీ. ఇసుక, గరుసు మిగిలిపోతాయి. కాబట్టి పారిన మట్టి, మిగిలిన మట్టి కన్నా సారవంతమైనది. నీళ్ళను పట్టి ఉంచే శక్తి, పొటాష్, జింకు లాంటివి అంటిపెట్టుకునే చోటు, అన్నీ ఆ మెత్తటి భాగంలోనే ఉంటాయి. అది పోయాక ఎంత ఎరువు వేసినా నిలవడానికి చోటుండదు.

భాస్వరం సంగతి ఇంకా స్పష్టం. యూరియా నీళ్ళలో కరిగిపోతుంది, భాస్వరం మట్టి రేణువును అంటుకుని కూర్చుంటుంది. మెట్ట వేరుశనగకు ఎకరాకు రెండు బస్తాల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేస్తారు. నూరు కిలోల్లో 16 కిలోల భాస్వరం, కొంత కాల్షియం, గంధకం ఉంటాయి. అన్నదమ్ములు దాన్ని దుక్కి మీద చేత్తో చల్లేవారు. పై అంగుళంలో ఉన్న ఎరువు, ఆ అంగుళం మట్టితోనే గెనిమ దగ్గరికి పోయింది. గెనిమ దగ్గర ముదురాకుపచ్చ కనిపించింది అందుకే.

పోయిన మట్టి వంకలో పడి, వంక చెరువులో పడి, ఎక్కడో మేట వేస్తుంది. మన జిల్లాకు హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) ద్వారా నీళ్ళిచ్చే తుంగభద్ర జలాశయాన్ని 133 టీఎంసీల సామర్థ్యంతో కట్టారు, పూడిక వల్ల ఇప్పుడది 105 టీఎంసీల దగ్గరకు దిగింది. ఎక్కడెక్కడి చేల మట్టో అది. అలాంటి చెరువుమట్టినే మళ్ళీ ట్రాక్టర్లు పెట్టి తోలుకుంటున్నాం. తోలుకోవడం మంచిదే, ఎర్రనేలకు చెరువుమట్టి చాలా మేలు. కానీ పోకుండా ఆపుకోవడం అంతకన్నా చవక.

చేసిన పనులు

మేస్త్రీలు వాడే నీళ్ళ పైపు లెవల్ తెచ్చి చేను వాలు చూశాం. పై హద్దుకూ కింది గెనిమకూ ఐదు మీటర్ల తేడా, అంటే నూటికి రెండు. సమమట్టపు గీతలు సున్నంతో నాలుగు చోట్ల గీశాం. ట్రాక్టరు ఆ గీతలను అచ్చంగా పట్టుకుపోలేదు, పట్టుకుపోవాల్సిన అవసరమూ లేదు. ఆ దిశ తప్పకుండా పోతే చాలు.

విత్తనం, ఎరువు కలిపి వేసే గొర్రుతో సూపర్ ఫాస్ఫేట్‌ను విత్తనానికి పక్కన, కాస్త కింద పడేలా వేయించాం. ఎరువు మోతాదు పెంచలేదు, చోటు మాత్రమే మార్చాం. నా ఉద్దేశంలో ఈ కేసు మొత్తంలో తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చిన పని ఇది.

పదకొండు సాళ్ళ వేరుశనగకు ఒక సాలు కంది. సాలుకూ సాలుకూ 30 సెంటీమీటర్లు, కాబట్టి పన్నెండు సాళ్ళకు 3.6 మీటర్లు. ప్రతి కంది సాలు పక్కనా ఒక గొడ్డు సాలు తీశాం. అంటే విత్తనం వేయకుండా లోతుగా తీసిన సాలు. మెట్ట వేరుశనగలో గొడ్డు సాళ్ళకు రేకులకుంట వ్యవసాయ పరిశోధన స్థానం చెప్పే దూరం కూడా ఈ 3.6 మీటర్లే. వేరుశనగ పెరికేశాక కూడా కంది చేనులో ఉంటుంది, సెప్టెంబరు, అక్టోబరు వానల నీళ్ళు ఆ సాలులో ఇంకి కందికి అందుతాయి. మొదటి కలుపు తీసేటప్పుడు మడకతో ఇంకోసారి లోతు చేశాం. ఈ పనికి కొత్త పనిముట్టేదీ కొనలేదు.

తొలి పెద్ద వానకు ఒక చోట దెబ్బ తగిలింది. చేనులో పై నుంచి కిందికి ఒకప్పుడు బండిబాట ఉండేది, దున్ని కలిపేసినా అక్కడ నేల కాస్త పల్లం. గొడ్డు సాలులోని నీళ్ళు రెండు వైపుల నుంచీ ఆ పల్లానికి చేరి, కట్ట తెంచుకుని కింది సాలులో పడ్డాయి, అది నిండి దాని కిందిది. వరసగా ఐదారు సాళ్ళు తెగాయి. పొడుగాటి సాలులో నీళ్ళు స్వేచ్ఛగా తిరిగితే ఇలా అవుతుంది. అందుకే ప్రతి నాలుగైదు బారలకు ఒక చోట సాలులో పారతో మట్టి అడ్డుకట్ట వేశాం, కట్ట ఎత్తు సాలు అంచు కన్నా కాస్త తక్కువ. అప్పుడు ఏ గుంతలో పడిన నీళ్ళు ఆ గుంతలోనే ఇంకుతాయి. పాత బండిబాట వెంట వేరుశనగ మానేసి, పట్టీగా అంజన్ గడ్డి, స్టైలో చల్లాం. నీళ్ళు పోవాల్సి వస్తే గడ్డి మీదుగా పోనీ, మట్టి కదలదు, పశువులకు మేతా వస్తుంది. ఆ గడ్డి కోసుకునే హక్కు తమ్ముడిది అని ఇంట్లోనే తేల్చుకున్నారు.

గెనిమను ఆ తర్వాతే ముట్టుకున్నాం. ఎత్తు పెంచలేదు. తెగే చోట రాళ్ళు పేర్చి అలుగు కట్టాం, నీళ్ళు దూకే చోట కూడా రాళ్ళు పరిచాం. అలుగు లేని గెనిమ ఎంత ఎత్తున్నా ఒక రోజు తెగుతుంది. గెనిమ మీద గ్లిరిసిడియా కొమ్మలు నాటారు. వాటి ఆకును కోసి చేనులో వేస్తే నత్రజని అందుతుంది, వేర్లు మట్టిని పట్టి ఉంచుతాయి.

పెచ్చు కట్టే జబ్బుకు మందు సేంద్రియ పదార్థమే, ఇది నిదానంగా జరిగే పని. ఇక్కడ వేరుశనగ కట్టె అంతా పశువుల మేతకు పోతుంది, దాన్ని చేనులో వదలమని అడగడం న్యాయం కాదు. అందుకని మిల్లు నుంచి వేరుశనగ పొట్టు తెచ్చి వేసవి దుక్కిలో కలిపించాం. అది మెల్లగా కుళ్ళుతుంది, విత్తే ముందు వేస్తే మొక్కకు అందాల్సిన నత్రజనిని తాను వాడుకుంటుంది, అందుకే వేసవిలోనే వేయాలి. పైభాగంలో గొర్రెల మంద కట్టించారు. ఇంతకు ముందు మంద కిందిచేనులో కట్టేవారు, దగ్గరని. బలం కావాల్సింది పైచేనుకు కాబట్టి కాపరులను ఒప్పించి పైకి మార్చారు. ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం మొక్కల మొదళ్ళ దగ్గర వేసి గుంటకతో కలిపారు. జిప్సంలోని కాల్షియాన్ని కాయ నేరుగా మట్టి నుంచే తీసుకుంటుంది, అది అందకపోతే కాయలు లొట్టబోతాయి. జిప్సం వల్ల పెచ్చు కట్టడం కూడా కొంత తగ్గుతుంది.

ఏం తేడా వచ్చింది

నీళ్ళ సీసా పరీక్ష చేశాం. వాన పడుతుండగానే అలుగు మీద నుంచి పారే నీళ్ళు ఒక లీటరు సీసాలో పట్టాం, పక్కన నిలువు సాళ్ళున్న చేను నుంచి ఇంకో సీసా. రెండూ అన్న ఇంటి అరుగు మీద పెట్టాం. పక్కచేను సీసాలో ఇసుక నిమిషంలో దిగింది, దాని మీద మెత్తటి ఒండ్రు పొర రాత్రంతా దిగుతూ వచ్చింది, పైనీళ్ళు మర్నాటికీ ఎర్రగానే ఉన్నాయి. ఈ చేను సీసాలో ఇసుక దాదాపు లేదు, ఒండ్రు పొర పలచన. ఎర్ర రంగు మాత్రం ఇందులోనూ ఉంది. అంటే అతి మెత్తటి రేణువులు ఇంకా పోతున్నాయి, వాటిని ఆపేది నేల మీద కప్పు ఒక్కటే. ఊళ్ళో వాళ్ళు వచ్చి ఆ సీసాలు చూసి వెళ్ళారు. నా లెక్కల కాగితం కన్నా అవే ఎక్కువ మందికి నచ్చజెప్పాయి.

అలుగు మీదుగా నీళ్ళు ఇప్పుడు ఆలస్యంగా మొదలవుతాయి, చిన్న వానలకు అసలు రావు. ఆగస్టు బెట్టలో పైభాగం పంట మధ్యాహ్నం వాడినా సాయంత్రానికి తేరుకుంటోంది. పైచేనుకూ కిందిచేనుకూ మధ్య కాయల్లో తేడా తగ్గింది. ఎకరాకు ఇన్ని బస్తాలు పెరిగిందని మాత్రం నేను రాయను. ఈ జిల్లాలో దిగుబడిని ఆ ఏడాది వాన ఎప్పుడు పడిందన్నదే ఎక్కువగా తేలుస్తుంది, ఒకటి రెండు పంటల అంకెలు చూపించి ఘనత గొర్రుకు కట్టబెడితే రైతును మోసం చేసినట్టే. సేంద్రియ కర్బనం కూడా ఇంత తొందరగా మారదు.

ఇదంతా ఎర్రనేల సంగతి. తాడిపత్రి, కోయిలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడి చేలకు ఇదే పద్ధతి అచ్చంగా పెడితే నీళ్ళు నిలిచి పంట ఉరకెత్తుతుంది. అక్కడ సాలుకు కొద్దిపాటి వాటం ఇచ్చి మిగులు నీళ్ళు మెల్లగా బయటకు పోనివ్వాలి. శనగ రబీలో వేస్తారు కాబట్టి ఖరీఫ్‌లో చేను బీడుగా ఉన్నప్పుడే మట్టి ఎక్కువ పోతుంది. వానలకు ముందే చేనును చిన్న చిన్న మడులుగా కట్టుకుంటే తడి నిలిచి శనగకు అందుతుంది.

ఫారం పాండ్ ఇంకా తవ్వలేదు. సాళ్ళలో ఆపాక మిగిలే నీళ్ళెన్నో చూసి పరిమాణం నిర్ణయిద్దామని ఆగాం. పది మీటర్ల చదరం, రెండున్నర మీటర్ల లోతు తవ్వితే, గోడలకు వాలు పోగా లక్షన్నర లీటర్ల దాకా పడతాయి. అంటే మూడు నాలుగు ఎకరాలకు పది మిల్లీమీటర్ల చొప్పున ఒక ప్రాణరక్షక తడి. గరుసులో లైనింగ్ లేకపోతే నీళ్ళు నిలవవు, ఎర్రమట్టి ఆరు పాళ్ళు, సిమెంటు ఒక పాలు కలిపి రెండంగుళాల మందాన పూత పూయాలి. ముందు పూడిక గుంత ఒకటి ఉండాలి, లేకుంటే కుంటలోనే మేట పడుతుంది.

పైనున్న చేను నీళ్ళు ఇంకా ఈ చేనులోకే దిగుతున్నాయి. పై హద్దు వెంట ఒక మళ్ళింపు కాలువ తీసి పక్క బంజరులోకి తిప్పాలి, దానికి ఆ రైతు ఒప్పుకోవాలి, ఉపాధి హామీ పనుల జాబితాలో గ్రామసభ చేర్చాలి. ఈ వేసవి దుక్కికి ముందు పైభాగం, నడుమ, కిందిభాగం మట్టి నమూనాలు విడివిడిగా తీసి పరీక్షకు పంపుతాం. మొత్తం చేనుకు ఒకే నమూనా తీస్తే గెనిమ దగ్గర చేరిన సారం పైచేను లేమిని కప్పేస్తుంది. ఫలితాలు వచ్చేదాకా ఎరువుల మోతాదు మార్చవద్దని ఇద్దరికీ చెప్పాను.